కళావతి దిగిన ఒడ్డు

పాతబస్తీలో, శాలిబండ వెనక గల్లీలో కళావతి గొంతు మూడిళ్ళ అవతలికి వినిపిస్తుందని అంటారు. అది అబద్ధం. ఐదిళ్ళ అవతలికి వినిపిస్తుంది. సర్కారు కాన్పుల దవాఖానాలో ఆయమ్మగా ఉద్యోగం చేసినన్నాళ్ళూ, నొప్పులు పడే తల్లిని మించి తాను అరిస్తేనే లోపలున్న బిడ్డకు ధైర్యం వస్తుందని ఆమె గట్టి నమ్మకం. ఒకసారి "బయటికి రా బిడ్డా!" అని ఆమె వేసిన కేకకు ఆ మంచం మీది పిల్లవాడే కాదు, పక్క మంచంలో ఇంకా నెల గడువున్నవాడు కూడా వచ్చేశాడు. కావాలంటే వెళ్ళి చూడొచ్చు, వాడిప్పుడు మదీనా చౌరస్తా దగ్గర ఆటో నడుపుతున్నాడు. సిగ్నల్ పచ్చబడకముందే బయల్దేరతాడు.

ఆమె భర్త ప్రకాశం నీళ్ళ బోర్డులో వాల్వులు తిప్పి రిటైరయ్యాడు. పొడవాటి ఇనప తాళంచెవి భుజాన వేసుకుని గల్లీ గల్లీకీ నీళ్ళు వదలడం, వేళ కాగానే కట్టేయడం ఆయన పని. సగం నిండిన బిందెతో ఎవరు ఎంత మొత్తుకున్నా రూలు రూలే. ఇంట్లో కళావతి బిందె సగంలో ఉన్నా కట్టేసేవాడు. ఆ రోజు అన్నం ఉండేది కాదు, అది వేరే సంగతి.

వాళ్ళకు పిల్లలు లేరు. ఊరి పిల్లలందరినీ మొదట ఎత్తుకున్న చేతులు కళావతివి. అయినా ఇంటికి వచ్చేసరికి ఖాళీ. దానికి ఆమె ఎప్పుడో ఏడ్చేసి ఊరుకుంది. ఊరుకోనివాళ్ళు చుట్టుపక్కలవాళ్ళు. పెళ్ళిలో ముందు వరస కుర్చీల్లో కూర్చుంటే, "మీరిద్దరే గదా, జర వెనకకు జరుగుండ్రి" అనేవారు. ఎక్కడైనా పెద్ద గది అద్దెకు అడిగితే, "మీరిద్దరే గదా, చిన్నది సాలదా?" ట్యాంకరు వచ్చినా, బతుకులో ఏది వచ్చినా అదే మాట. మీరిద్దరే గదా. ఇంత చిన్న మాటతో మనిషిని ఎంత దూరం వెనక్కి నెట్టొచ్చో కళావతికి బాగా తెలుసు.

పోయిన చలికాలం ప్రకాశం మేనల్లుడు క్రాంతి పెళ్ళికి కొత్తకోడలి చీర కొనడానికి ఆమె పత్తర్‌గట్టీలో ఒక బట్టల షాపుకు వెళ్ళింది. చీరతో పాటు ఒక చీటీ ఇచ్చారు. ఆ చీటీకే లక్కీ డ్రాలో మొదటి బహుమతి తగిలింది. ముంబై నుంచి జంటకు ఓడ ప్రయాణం. దారిలో శంఖ్‌వాడీ అనే సముద్రపు ఒడ్డు పల్లెలో ఒక పూట విడిది. పోస్టరు మీద పాతికేళ్ళ పిల్లా పిల్లాడూ ఒకరి కళ్ళల్లోకి ఒకరు చూసుకుంటున్నారు.

కబురు జల్‌పల్లికి ఎట్లా చేరిందో, మర్నాడు పొద్దున్నే ప్రకాశం అక్క మాణిక్యమ్మ ఆటో దిగింది. చాయ్ తాగింది. మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడింది. తర్వాత అసలు మాటకొచ్చింది.

"కళా, ఆ టికెట్టు మా క్రాంతిగానికి ఇయ్యరాదు? కొత్త జంట."

"మేం గూడ జంటనే గద వదినా."

"అయ్యో, మీరిద్దరే గదా! ఇంట్ల కూసుంటె ఏంది, ఓడల కూసుంటె ఏంది?"

కళావతి చాయ్ గ్లాసు కింద పెట్టింది. ప్రకాశం ఆ చప్పుడు విని చెప్పులు వెతుక్కోవడం మొదలుపెట్టాడు.

"ఔ వదినా. ఇద్దరమే. ఓడోళ్ళు గూడ ఇద్దరినే రమ్మన్నరు. మంచిగ కుదిరింది."

"ఈ వయసుల హనీమూనా! నలుగురు నవ్వుతరే."

"నవ్వనీ. కడుపునిండ నవ్వనీ. నవ్వెటోళ్ళకు చాయ్ గూడ పోస్త."

"ఏం రా ప్రకాశం, నువ్వన్న చెప్పు."

ప్రకాశం ఒక చెప్పు తొడుక్కుని రెండోది చేత్తో పట్టుకుని, "కళా, లొల్లెందుకు, ఇచ్చేస్తె..." అన్నాడు. కళావతి చూసిన చూపుకు, "ఇచ్చేస్తె మంచిగుండదు" అని ముగించాడు.

బయల్దేరే రోజు ఎదురింటి ఖైరున్నీసా వచ్చింది. ఆమె ఐదుగురు పిల్లలూ కళావతి చేతుల్లోకే పుట్టారు. పాతబస్తీలో ఎవరైనా దూరం వెళ్తున్నారంటే జబ్బకు ఇమామ్ జామిన్ కట్టి పంపుతారు. పచ్చటి గుడ్డలో ఒక నాణెం పెట్టి కుట్టిన పట్టీ అది. ప్రయాణం చల్లగా సాగేందుకు పెద్దలు పడే పూచీ. క్షేమంగా దిగాక ఆ నాణెం అక్కడి పేదవాళ్ళ చేతిలో పెట్టాలి. అప్పుడే పూచీ తీరినట్టు. ఖైరున్నీసా ఒకటే పట్టీ తెచ్చింది. ప్రకాశం ఎటూ పెళ్ళాం వెనకాలే నడుస్తాడు కాబట్టి ఇద్దరికీ ఒకటి చాలు.

కుడి జబ్బకు ముడి వేస్తూ ఆమె హుకుం జారీ చేసింది. "దేఖో కళావతీ. ఓడ దిగి కాలు పెట్టిన మొదటి ఒడ్డు మీద ఇయ్యాలె. మోసుకుని వాపస్ తెచ్చినవనుకో, నీతో బాత్ నై కర్తీ."

"ఇస్త ఆపా. మాట."

సాగనంపడానికి వచ్చిన మాణిక్యమ్మ మొహం చిట్లించింది. "మనం చర్చిల ప్రార్థన జేసుకునేటోళ్ళం. గదేందే చేతికి?"

"ప్రార్థన నేనే జేస్త వదినా. ఈ మాట ఆపాకిచ్చిన మాట. నా జబ్బ పెద్దదే, రెండూ పడతయ్."

ముంబైలో ఓడ ఎక్కి మొదటిసారి సముద్రాన్ని చూసినప్పుడు ప్రకాశం రెండు చేతులతో కటకటాలు పట్టుకుని ఈ కొస నుంచి ఆ కొసకు చూశాడు. ఆఖరికి పళ్ళ సందుల్లోంచి అన్నాడు. "ఇన్ని నీళ్ళు ఎవడిడిసిండే? ఎవడో వాల్వ్ కట్టెయ్యడం మర్సిండు."

ఓడలో అన్నీ కొత్త జంటలే. ఒకే రంగు బనియన్లు తొడుక్కుని, ఒకే గ్లాసులో రెండు గొట్టాలు పెట్టి తాగుతున్నారు. గదిలో మంచం మీద తువ్వాళ్ళను మడిచి, మెడలు కలిపిన హంసల్లా నిలబెట్టారు. కళావతి రెండు హంసలనూ విప్పి ఒకటి తాను తీసుకుంది, ఒకటి ప్రకాశం మొహాన విసిరి స్నానానికి పొమ్మంది. అన్నాల వేళ పక్క బల్ల అమ్మాయి, "సో క్యూట్, అంకుల్ ఆంటీ!" అంటూ ఫొటో తీసింది. కళావతి అదే నవ్వుతో ఆ అమ్మాయినీ మొగుణ్ణీ తన ఫోనులో ఫొటో తీసి, "మీరు గూడ మంచిగనే ఉన్నరు బిడ్డా" అంది.

మర్నాడు ఓడ శంఖ్‌వాడీ ఎదురుగా ఆగింది. ఒడ్డు దగ్గర లోతు లేదు, అందుకని ఓడ నడిసముద్రంలోనే నిలబడింది. జనాన్ని చిన్న మోటారు పడవల్లో తీసుకెళ్తున్నారు. దూరంగా కొబ్బరిచెట్లు, రంగు రంగుల ఇళ్ళు, తెల్లటి చిన్న దీపస్తంభం. కళావతి ఇస్త్రీ చీర కట్టుకుని, జబ్బ మీద పచ్చ పట్టీ సర్దుకుని వరసలో నిలబడింది. పడవ ఎక్కే గుమ్మం దగ్గర ఓడ ఉద్యోగి ఒకమ్మాయి చేయి అడ్డం పెట్టింది. ఛాతీ మీద నీహారిక అని పేరు.

"తెలుగువాళ్ళా అండి? సారీ ఆంటీ. ఇవాళ అలలెక్కువగా ఉన్నాయి, అరవై దాటినవాళ్ళని చిన్న పడవల్లో పంపకూడదండి. మీ సేఫ్టీ కోసమే. పైన మీకోసం హౌసీ ఆట పెట్టాం."

"హౌసీ నాకెందుకు బిడ్డా? నేను ఒడ్డుకు పోవాలె. మాటిచ్చిన."

"రూల్ అండి. ఏమీ చెయ్యలేను."

రూల్ అన్న మాట చెవిన పడగానే ప్రకాశం వెనక్కి తిరిగాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళ అలవాటు. కళావతి ఆయన చొక్కా పట్టి ఆపింది.

"ఏ ఊరు బిడ్డా నీది?"

"మలక్‌పేట అండి."

"మలక్‌పేటనా! అయితే నిన్ను మొదలెత్తుకున్నది నేనే."

"నేను విజయవాడలో పుట్టానండి. నా చిన్నప్పుడు నాన్నగారికి ట్రాన్స్‌ఫర్ అయితే వచ్చాం."

"గది మీ నాయిన జేసిన తప్పు. జర ముందు రావాల్సుండె."

నీహారిక నవ్వు ఆపుకోలేక తల తిప్పింది. అంతే. కింద పడవ అలతో పాటు లేస్తోంది, దిగుతోంది. కళావతి కళ్ళు పడవ మీదే ఉన్నాయి. అఫ్జల్‌గంజ్‌లో ఆగీ ఆగని బస్సుల్ని ఎక్కి ముప్పై ఏళ్ళు డ్యూటీకి వెళ్ళిన మనిషి. బస్సు ఆగుతుందని నమ్మి నిలబడితే ఆమెకు ఒక్కనాడూ హాజరు పడేది కాదు. పడవ పైకి లేచిన ఆ క్షణంలో కుచ్చిళ్ళు ఒక చేత్తో పట్టుకుని, ఫుట్‌బోర్డు మీదికి వేసినట్టే అడుగు వేసింది. మరుక్షణం ఇద్దరు కొత్త పెళ్ళికూతుళ్ళ మధ్య సర్దుకుని కూర్చుని ఉంది.

"ఆంటీ! దిగండి ప్లీజ్!"

"దిగ. దించెటోళ్ళు ఎవరన్న ఉంటె రమ్మను."

పడవ నడిపే ఇద్దరూ ఆమె జబ్బల్ని చూసి ఆకాశంలోకి చూశారు. గుమ్మం దగ్గర ప్రకాశం ఒక్కడే మిగిలాడు.

"కళా, వచ్చెయ్. రూలంట."

"నువ్వు ఎక్కు!"

"నాకు కాళ్ళు వణుకుతున్నయే."

"వణుకుతున్న కాళ్ళతోనే ఎక్కు! జంటలకని పిలిచిన్రు. ఒక్కదాన్ని పోతె మీ అక్క మాటే నిజమైతది."

ప్రకాశం కళ్ళు మూసుకుని అడుగేశాడు. ఆయన పడలేదు. కానీ పడవ నడిపేవాడి టోపీ సముద్రంలో పడింది. అది ఇప్పటికి అరేబియా దాటి ఉంటుంది.

ఒడ్డున జెండా పట్టుకున్న గైడు అందరికీ చెప్పాడు. ఊరు చాలా అందమైనది, ఫొటోలు తీసుకోండి, ఎవరికీ డబ్బులు ఇవ్వకండి, ఇక్కడ పేదవాళ్ళు లేరు.

పేదవాళ్ళు లేని ఊరు ఉంటుందని కళావతి మొదటిసారి వినడం. చేతికున్న పట్టీ తడుముకుంది. "ఇయ్యకుంటె ఆపా నాతోని మాట్లాడది" అంది.

"రెండు రోజులు మాట్లాడది. తర్వాత తనే వస్తది."

"ఆపా మాట్లాడకపోతె ఓర్సుకుంట. మాట తప్పితె ఓర్సుకోలేను. నడువు."

దీపస్తంభం కింద గిటారు వాయిస్తున్న కుర్రాణ్ణి అడిగింది. వాడు పాట ఆపకుండానే, ఎదురుగా పెట్టిన స్కానర్ బొమ్మ వైపు గడ్డం ఊపాడు. చిల్లర తీసుకోడట. కాస్త ముందు చినిగిన బనియనుతో, నెరిసిన గడ్డంతో ఒక ముసలి జాలరి తెడ్డు పట్టుకుని నిలబడి ఉన్నాడు. కళావతికి ప్రాణం లేచొచ్చింది. తీరా పట్టీ విప్పబోతే ఆయన గాభరాపడి అటూ ఇటూ చూశాడు. ఫొటోల కోసం తనను జీతానికి పెట్టారనీ, డ్యూటీలో ఉండగా ఏమీ తీసుకోకూడదనీ చెప్పాడు. గడ్డం కొంచెం పక్కకు జారింది, సర్దుకున్నాడు.

"ఊరు గాదిది, ఎగ్జిబిషన్" అంది కళావతి.

అప్పుడే గాలి మళ్ళింది. చేపల వాసన గుప్పుమంది. ఇంతసేపూ ఇంత సముద్రం ఒడ్డున ఆ వాసన లేకపోవడమే ఆమెకు వింతగా ఉంది. ముక్కు ఎటు లాగితే అటు నడిచింది. కాఫీ గొడుగుల వెనక పొడవాటి నీలం పరదా ఒకటి కట్టి ఉంది. దాని మీద సముద్రం బొమ్మ వేశారు. కళావతి ఆ అంచు ఎత్తి లోపలికి దూరింది. వెనకే ప్రకాశం.

పరదా వెనక అసలు సముద్రం ఉంది. వలలు, తిరగేసిన పడవలు, చేపల బుట్టల చుట్టూ మూతులు ముడుచుకుని కూర్చున్న ఆడవాళ్ళు. వాళ్ళల్లో పెద్దావిడ సుమన్‌తాయి. ఆమెది మరాఠీ కలిసిన హిందీ, కళావతిది ఉర్దూ కలిసిన హిందీ. రెండూ ఎక్కడో ఒకచోట అతికాయి.

కళావతి పట్టీ కథంతా చెప్పి, నాణెం తీసుకోమంది. సుమన్‌తాయి తల పైకెత్తింది.

"చేప కొను, డబ్బు తీసుకుంటాను. భిక్ష నాకొద్దు."

ఆ మాట అన్న తీరుకు కళావతికి కోపం రాలేదు. అచ్చం తానే అక్కడ కూర్చుని అన్నట్టు అనిపించింది. పక్కనే ఇసుకలో చతికిలబడింది.

"తప్పయిందమ్మా. చేపలు సరే, ముందర అమ్ముకోక ఈడెందుకు కూసున్నరు?"

"ఓడ వచ్చిన రోజు మేం కనపడకూడదట. వాసనట. హోటళ్ళవాళ్ళు పరదా కట్టించారు. మీరు కొద్దిమందే కదా, ఒక్క పూట వెనక్కి జరగండి అన్నారు. ఒడ్డు మాది, మా తాతలది. జరగాల్సిందీ మేమే."

కొద్దిమందే కదా. కళావతి ఆ మాటను నోట్లో ఒకసారి తిప్పి చూసింది. రుచి తెలిసిన మాటే. భాష ఒక్కటే వేరు.

లేచి నిలబడింది. ఒక బుట్ట ఎత్తి నెత్తిన పెట్టుకుంది.

"నడువుండ్రి."

"పోలీసుల్ని పిలుస్తారమ్మా."

"పిలవనీ. ఒడ్డు మీదికి ఒడ్డోళ్ళు వచ్చిన్రని ఏం రాసుకుంటరో నేను గూడ చూస్త."

ఆడవాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. సుమన్‌తాయి చీర కచ్చ బిగించి లేచింది. ఆమె లేచాక మిగతావాళ్ళు కూర్చోలేకపోయారు. కానీ పరదా రెండు కొసలూ గుంజలకు బిగించి ఉన్నాయి, బుట్టలతో వంగి దూరడం కుదరదు. అప్పుడు ప్రకాశం ఎవరూ చెప్పకుండానే గుంజ దగ్గరికి వెళ్ళాడు. తాడు ముడి పట్టుకున్నాడు. బతుకులో మొదటిసారి, ఎవరి ఆర్డరూ లేకుండా, తిప్పడం మొదలుపెట్టాడు.

"ఏమయ్యో, రూలేమైంది?" అంది కళావతి.

"కట్టేసింది ఇడిసిపెట్టుడు నా పనే గదనే" అన్నాడు.

బొమ్మ సముద్రం జారి కింద పడింది. అసలు సముద్రం కాఫీ గొడుగుల ముందుకొచ్చింది. చేపల బుట్టలతో ఆడవాళ్ళు వరసగా నడిచి సరిగ్గా దీపస్తంభం కింద కూర్చున్నారు. కళావతి గొంతెత్తి అమ్మకం మొదలుపెట్టింది. ఆ కేకకు సముద్రంలోని చేపలు కూడా ధర అడగడానికి తలలు బయటపెట్టాయంటారు. హోటల్ మేనేజరు చేతులూపుతూ వచ్చాడు. అప్పటికే ఒకే రంగు బనియన్ల జంటలు బుట్టల చుట్టూ మూగి ఫొటోలు తీసుకుంటున్నాయి. ఓడలో ఫొటో తీసిన అమ్మాయి పీతను పట్టుకుని కిచకిచలాడుతోంది. ఇంతమంది అతిథుల ముందు అరవలేక మేనేజరు పళ్ళు కొరికి వెనక్కి పోయాడు. దొంగ గడ్డం జాలరి గడ్డం పీకి జేబులో పెట్టుకుని, వచ్చి సుమన్‌తాయి పక్కన కూర్చున్నాడు. ఆమెకు మరిది అట.

బుట్టలు ఖాళీ అయ్యేసరికి ఓడ కూత పెట్టింది. ఆఖరి చిన్న పడవ అప్పటికే వెళ్ళిపోయింది. గైడు జాబితాలో కళావతి, ప్రకాశం పేర్లు లేవు. వాళ్ళు దిగనే కూడదు కదా! అందుకని అందరూ వచ్చారనుకుని బయల్దేరిపోయాడు.

ప్రకాశం ఇసుకలో కూలబడ్డాడు. "సచ్చినం కళా."

సుమన్‌తాయి నవ్వింది. వాళ్ళ పడవ ఎటూ చేపల వేటకు బయల్దేరుతోంది, దారిలో ఓడ దగ్గర దింపుతామంది. ఆమె భర్త దత్తారామ్ పడవను నీళ్ళలోకి నెడుతున్నాడు. కళావతి మాత్రం కదల్లేదు. ఒడ్డు వదలాల్సిన వేళయింది, నాణెం ఇంకా జబ్బ మీదే ఉంది.

సుమన్‌తాయి ఆ పట్టీ వైపు చూసింది.

"అది ప్రయాణం పోయేవాళ్ళకు పూచీ అన్నావు కదూ?"

"ఔ."

"నువ్వు ఒడ్డుకు క్షేమంగా వచ్చావు. వేటకు పోయేది మావాళ్ళు. భిక్ష అయితే తీసుకోను. పూచీ అయితే తీసుకుంటాను."

తనే ముడి విప్పింది. పసుపు బొట్లు పెట్టి ఉన్న పడవ ముక్కుకు ఆ పచ్చ పట్టీని తిప్పి గట్టిగా కట్టింది. కళావతి వేలితో లాగి చూసింది. ముడి కదల్లేదు.

ఆ పడవలోనే ఇద్దరూ ఓడకు చేరారు. అలలు లేచాయి, ప్రకాశం కళ్ళు మూసుకోలేదు. ఓడ కటకటాల దగ్గర జంటలన్నీ చేరి ఈలలు వేశాయి. గుమ్మం దగ్గర నీహారిక ఏడుపు మొహంతో నిలబడి ఉంది.

"ఆంటీ, నా ఉద్యోగం పోయేది తెలుసా అండి! చిన్న పడవలు మీకు వద్దన్నానా?"

"నీ పడవ వద్దన్నవ్. ఇది సుమన్‌తాయి పడవ. ఎక్కించుకుంటవా, ఇట్లనే ముంబై పొమ్మంటవా?"

నీహారిక చెయ్యి చాచింది. పైకి లాగుతూ, "నిజంగానే మీ చేతుల్లో పుట్టుండాల్సింది అండి" అంది. కళావతి ఆమె బుగ్గ నిమిరి, "మీ కెప్టెన్ ఏమన్న అంటె నా దగ్గరికి తోలు" అంది. తోలలేదు. కెప్టెన్ తెలివైనవాడు.

గల్లీకి తిరిగొచ్చేసరికి బట్టల షాపు నుంచి ఫోను. గోడ మీద పెట్టడానికి జంట ఫొటో కావాలన్నారు. కళావతి పంపిన ఫొటోలో ఆమె నెత్తిన చేపల బుట్ట, ప్రకాశం చేతిలో తాడు. కొత్త జంటల ఫొటో అయితే బాగుంటుందేమో అని షాపువాళ్ళు నసిగారు. "బహుమతి ఎవరికొచ్చిందో ఆళ్ళ ఫొటో పెడతరా, నేనే వచ్చి మేకు కొట్టాల్నా?" అంది. ఇప్పుడది పత్తర్‌గట్టీలో ఆ షాపు మెట్ల పక్కనే ఉంది.

ఖైరున్నీసా ఆ సాయంత్రమే వచ్చి ఖాళీ జబ్బను పట్టి చూసింది.

"ఎవరికిచ్చినవ్?"

"ఎవరికియ్యలే ఆపా. పడవకు కట్టిన."

"పడవ గరీబా?"

"గరీబు గాదు. దూరం పోయే ముసాఫిర్."

ఖైరున్నీసా చాయ్ ఊదుకుని ఒక గుక్క తాగింది. ప్రకాశం తీర్పు కోసం కాచుకున్నవాడిలా గోడకు ఆనుకున్నాడు.

"తో చల్తా" అంది చివరికి. "నీ పూచీ ఇంకొకళ్ళ మీదికి పోయింది. ఠీక్ హై. లేకిన్ నీ ఇమామ్ జామిన్ పాయె గదా. ఇంకోటి కుట్టి పెట్టాలె. నువ్వు ఊకుంటవా, మళ్ళ యాడికన్న పోతవ్."

"పోత" అంది కళావతి, ఐదిళ్ళ అవతలికి వినపడేలా. "ఇద్దరం పోతం."

గోడకు ఆనుకున్న ప్రకాశం చెప్పుల కోసం చూశాడు. ఈసారి పారిపోవడానికి కాదు.